గోల్డెన్ షేక్‌హ్యాండ్: ప్రభుత్వరంగంలో స్వచ్ఛంద పదవీ విరమణ చరిత్ర

ఉద్యోగంలో కొనసాగాలా, పరిహారం తీసుకుని ముందుగానే తప్పుకోవాలా అన్న ప్రశ్నను ప్రభుత్వమే ఒక దరఖాస్తు ఫారంగా అచ్చువేయించి, గడువు తేదీ నిర్ణయించి కార్మికుల చేతికి అందించడం భారతదేశంలో 1980ల చివరి నుంచి ఒక స్థిరమైన విధానంగా మారింది. అధికారిక పత్రాలు దీన్ని స్వచ్ఛంద పదవీ విరమణ పథకం అన్నాయి. కార్మికులు వీఆర్ఎస్ అన్నారు. పత్రికలు గోల్డెన్ షేక్‌హ్యాండ్ అన్న పేరును ఇంటింటికీ చేర్చాయి. ఆర్థిక సంస్కరణల చరిత్రలు ఈ పథకాలను ఖర్చు తగ్గింపు చర్యలుగా రెండు మూడు పేరాల్లో ముగిస్తాయి. కానీ చట్టాలను, ఉత్తర్వులను, సుప్రీంకోర్టు తీర్పులను వరుసగా పరిశీలిస్తే, ఒక కర్మాగారాన్ని మూసివేయాలన్న నిర్ణయాన్ని ప్రభుత్వాలు తమ పేరు మీద ప్రకటించడానికి వెనకాడి, దాన్ని వందల వేల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కను ఒక్కో కార్మిక కుటుంబం చేత సంతకం చేయించుకున్న వైనం స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ విధానానికి వీలు కల్పించిన తలుపు కార్మిక చట్టంలోనే ఉంది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ, కార్మికులు రిట్రెంచ్‌మెంటు అని పిలిచే మిగులు సిబ్బంది తొలగింపుకు మొదటిసారి షరతులు విధించింది. ఆ సవరణ ప్రకారం యజమాని ఒక నెల ముందుగా నోటీసు గాని, దానికి బదులు ఆ నెల జీతం గాని ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనాన్ని పరిహారంగా చెల్లించాలి. అయితే అదే సవరణ రిట్రెంచ్‌మెంటును నిర్వచిస్తూ, కార్మికుడు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేస్తే అది తొలగింపు కిందికి రాదని మినహాయించింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో, చేర్చిన మరో అధ్యాయం 300 మందికి పైబడిన కర్మాగారాల్లో తొలగింపుకు, మూసివేతకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. 1984 నుంచి ఆ పరిమితి 100 మందికి దిగింది. అనుమతి ఇవ్వవలసింది ప్రభుత్వమే. ఇస్తే రాజకీయంగా నష్టపోయేదీ ప్రభుత్వమే. అందువల్ల అనుమతులు అరుదైపోయి, 1953లో ఒక చిన్న మినహాయింపుగా రాసిన వాక్యం యాజమాన్యాలకు రాచబాట అయింది. తొలగించడానికి అనుమతి కావాలి గాని, తానే వెళ్లిపోతానన్న కార్మికుణ్ణి పంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలకు ఈ బాటను అధికారికంగా తెరిచినది 1988 అక్టోబరు 5న ప్రభుత్వరంగ సంస్థల విభాగం జారీచేసిన ఉత్తర్వు. పదేళ్ల సర్వీసు పూర్తయినవారు గాని, 40 ఏళ్ల వయసు నిండినవారు గాని దరఖాస్తు చేసుకోవచ్చునని, ప్రతి సర్వీసు సంవత్సరానికి నెలన్నర జీతం లేదా మిగిలిన సర్వీసు మొత్తానికి రావలసిన జీతం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది చెల్లించాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. దీనికి ఏడాది ముందే ఆదాయపు పన్ను చట్టంలో స్వచ్ఛంద పదవీ విరమణ పరిహారానికి మినహాయింపు కల్పించారు. ఆ మినహాయింపుకు సంబంధించిన నిబంధనల్లో ఒకటి చరిత్రకారుని దృష్టికి ప్రత్యేకంగా ఆనుతుంది: ఉద్యోగి వెళ్లిపోయాక ఆ ఖాళీని భర్తీ చేయకూడదు. అంటే సంతకం చేసినవాడు తన మిగిలిన సంవత్సరాలను మాత్రమే కాదు, ఆ ఉద్యోగాన్నే శాశ్వతంగా వదులుకుంటున్నాడు. అతని తర్వాత ఆ కుర్చీలో, ఆ యంత్రం ముందు మరొకరు ఉండరు.

1991 జూలైలో వెలువడిన పారిశ్రామిక విధానం ఈ పథకాల పరిధిని ఒక్కసారిగా విస్తరించింది. అదే ఏడాది చివర ఖాయిలా పరిశ్రమల చట్టాన్ని సవరించి, అంతవరకు ప్రైవేటు కంపెనీలకే పరిమితమైన పారిశ్రామిక, ఆర్థిక పునర్నిర్మాణ మండలి, అంటే బీఐఎఫ్ఆర్, పరిధిలోకి ప్రభుత్వ సంస్థలను కూడా తెచ్చారు. పెట్టుబడి అంతా నష్టాల్లో హరించుకుపోయిన కంపెనీని ఖాయిలా పడినదిగా ప్రకటించి, బాగుచేయవచ్చో మూసివేయాలో తేల్చడం ఈ మండలి పనిగా ఉండేది. 1992 ఫిబ్రవరిలో జాతీయ పునరుద్ధరణ నిధి ఏర్పడింది. ఉపాధి కోల్పోయేవారికి కొత్త పని నేర్పడం, మరో చోట ఉపాధి చూపించడం దాని ప్రకటిత లక్ష్యాల్లో ముఖ్యమైనవి కాగా, ఆచరణలో నిధిలోని సొమ్ములో అత్యధిక భాగం వీఆర్ఎస్ చెల్లింపులకే పోయింది. 2000లో నిధినే ఎత్తివేశారు. ఇరవై ఏళ్లు ఒకే యంత్రం మీద పనిచేసిన మనిషికి మరో పని నేర్పడం చెక్కు రాయడం కన్నా చాలా కష్టమైన పని, ప్రభుత్వాలు తేలికైనదాన్నే ఎంచుకున్నాయి.

పరిహారాన్ని లెక్కగట్టే సూత్రాలు 2000 మే నాటి ఉత్తర్వుతో మూడు రకాలయ్యాయి. తన డబ్బుతో తానే చెల్లించగల లాభదాయక సంస్థ ప్రతి సర్వీసు సంవత్సరానికి 60 రోజుల జీతం వరకు ఇవ్వవచ్చు. గుజరాత్ పద్ధతి అని పేరుబడిన రెండో సూత్రం పూర్తయిన ప్రతి సంవత్సరానికి 35 రోజులు, మిగిలి ఉన్న ప్రతి సంవత్సరానికి 25 రోజులు లెక్కగడుతుంది. మూసివేతకు సిద్ధమైన సంస్థలకు 45 రోజుల సూత్రంతో స్వచ్ఛంద విడుదల పథకం, వాడుకలో వీఎస్ఎస్, వర్తించేది. పథకం గడువు లోపల దరఖాస్తు పెట్టనివారికి దక్కేది పారిశ్రామిక వివాదాల చట్టం కింద 15 రోజుల పరిహారం మాత్రమే. ఈ చివరి షరతు పథకం స్వభావాన్నే మార్చివేసింది. ముందు వీఆర్ఎస్ తీసుకోనివాడికి ఉద్యోగం మిగిలేది. ఇప్పుడు వీఎస్ఎస్ తీసుకోనివాడికి తక్కువ డబ్బు మిగులుతుంది.

ఈ సూత్రాలు ఒక ఇంటి బడ్జెట్లో ఏ రూపం దాల్చేవో ఒక ఊహా ఉదాహరణతో చూడవచ్చు. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 6,000 రూపాయలు వచ్చే 45 ఏళ్ల కార్మికుడు 20 ఏళ్ల సర్వీసు పూర్తిచేసి, 58 ఏళ్లకు పదవీ విరమణ చేయవలసి ఉన్నాడనుకుంటే, రోజు జీతాన్ని 200 రూపాయలుగా తీసుకున్నప్పుడు గుజరాత్ పద్ధతిలో గడిచిన సర్వీసుకు 700 రోజులు, మిగిలిన 13 ఏళ్లకు 325 రోజులు, మొత్తం 1,025 రోజులకు 2,05,000 రూపాయలు వస్తాయి. 45 రోజుల సూత్రంలో 1,80,000. పథకాన్ని కాదన్నవాడికి చట్ట ప్రకారం దక్కే 15 రోజుల లెక్కలో దాదాపు 60,000. దీనికి గ్రాట్యుటీ కింద మరో 69,000, భవిష్యనిధి సొమ్ము, సెలవుల నగదు చేరతాయి గాని, అవన్నీ ఎప్పటికైనా రావలసినవే గనుక వాటిని పథకం ఇచ్చిన లాభంగా లెక్కించడం సరికాదు. ఉద్యోగం నిలిస్తే 13 ఏళ్లలో, ఒక్క పైసా పెంపు లేకపోయినా, 9,36,000 రూపాయల జీతం అందేది. 1995 నవంబరులో అమల్లోకి వచ్చిన ఉద్యోగుల పింఛను పథకం కింద తగ్గించిన పింఛనైనా పొందాలంటే 50 ఏళ్లు నిండాలి. అంటే ఈ కార్మికుడు నెలవారీ రాబడి ఏదీ లేకుండా ఐదేళ్లు నెట్టుకురావాలి.

దరఖాస్తుపై సంతకం కంపెనీ ఆఫీసులో జరిగినా, నిర్ణయం ఇంట్లో జరిగేది, అక్కడ లెక్కకు వచ్చే అంశాలు ఉత్తర్వులో ఎక్కడా ఉండేవి కావు. ఆడపిల్ల పెళ్లి ఎన్నేళ్లలో చేయాలి, సొసైటీలో తీసుకున్న అప్పు ఎంత ఉంది, కంపెనీ క్వార్టరు ఖాళీచేస్తే అద్దె ఎంతవుతుంది, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ బడి పోతే పిల్లల సంగతి ఏమిటి అన్నవి అసలు ప్రశ్నలు. వచ్చిన సొమ్మును బ్యాంకులో వేసుకుని వడ్డీతో బతకవచ్చునన్నది అప్పట్లో అందరూ చెప్పిన సలహా. 1990ల మధ్యలో ఫిక్స్‌డ్ డిపాజిట్లకు 12 శాతం చుట్టుపక్కల వడ్డీ వచ్చేది గనుక, పై ఉదాహరణలోని కార్మికుడు పరిహారాన్నీ గ్రాట్యుటీనీ కలిపి డిపాజిట్ చేస్తే నెలకు 2,700 రూపాయల దాకా అందేవి. 2003 నాటికి వడ్డీ రేట్లు సగానికి పడిపోవడంతో అదే డిపాజిట్ 1,400 కూడా ఇవ్వని స్థితికి వచ్చింది. బ్యాంకుల కన్నా ఎక్కువ వడ్డీ ఆశచూపిన పట్టణ సహకార బ్యాంకుల్లో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ వంటివి సరిగ్గా ఆ కాలంలోనే హైదరాబాదులో కుప్పకూలి, పదవీ విరమణ సొమ్ము దాచుకున్న ఎన్నో కుటుంబాలను రోడ్డున పడేశాయి. సంతకం చేసేనాటికి తప్పని ఎవరూ చెప్పలేని నిర్ణయం మూడు నాలుగేళ్లలో తప్పుగా తేలిందంటే, దాని బాధ్యతను సంతకం చేసినవాడి దూరదృష్టి లోపానికి అంటగట్టడం అన్యాయం.

తెలుగు ప్రాంతంలో ఈ చరిత్రకు అత్యంత స్పష్టమైన సాక్ష్యం రామగుండం. భారత ఎరువుల సంస్థ, అంటే ఎఫ్‌సీఐ, అక్కడ నిర్మించిన కర్మాగారం బొగ్గు నుంచి యూరియా తయారుచేసే సాహసోపేతమైన ప్రయత్నం. సింగరేణి బొగ్గును అధిక ఉష్ణోగ్రతలో ఆక్సిజన్‌తో, ఆవిరితో కలిపి వాయువుగా మార్చి, ఆ వాయువులోని హైడ్రోజన్‌తో అమ్మోనియాను, అమ్మోనియాతో యూరియాను తయారుచేసేవారు. రోజుకు 900 టన్నుల అమ్మోనియా, 1,500 టన్నుల యూరియా సామర్థ్యంతో 1980లో వాణిజ్య ఉత్పత్తి ఆరంభించిన ఈ కర్మాగారం, యంత్రాల లోపాలు, విద్యుత్ కోతల వల్ల ఆ సామర్థ్యాన్ని ఏనాడూ నిలకడగా అందుకోలేకపోయింది. సంస్థ 1992లో బీఐఎఫ్ఆర్ ముందుకు వెళ్లింది. 1999 మార్చి 31న రామగుండంలో ఉత్పత్తి ఆగింది. ఆ తర్వాత మూడేళ్లపాటు ఉద్యోగులు రికార్డుల్లో ఉన్నారు, కాలనీలో ఉన్నారు, కర్మాగారం మాత్రం నడవలేదు; ఏదో ఒక పునరుద్ధరణ ప్రతిపాదన ఢిల్లీలో ఉందన్న ఆశతో గడిచిన కాలం అది. 2002లో సంస్థను మూసివేయాలని కేంద్రం నిర్ణయించి వీఎస్ఎస్ ప్రకటించగా, కొద్దిమంది మినహా ఉద్యోగులందరూ దాని కిందనే బయటికి వచ్చారు. కాదంటే 15 రోజుల లెక్క మిగులుతుందని తెలిసిన చోట ఇంత సంపూర్ణమైన అంగీకారాన్ని ఇష్టంగా చదవడం సాధ్యం కాదు.

ఎఫ్‌సీఐ ఉద్యోగుల ఫిర్యాదు పరిహారపు సూత్రం మీద కన్నా, ఆ సూత్రం లెక్కగట్టే జీతం మీద ఎక్కువ. నష్టాల్లో ఉన్న సంస్థల్లో వేతన సవరణ ఆగిపోవడంతో, లాభాల్లో ఉన్న సంస్థల సాటి ఉద్యోగులు కొత్త స్కేళ్లలో జీతాలు పొందుతుండగా వీరి జీతాలు ఎన్నో ఏళ్ల నాటి స్కేళ్లలో చిక్కుకున్నాయి. ఎన్ని రోజుల జీతం ఇచ్చినా ఆ రోజు విలువే తక్కువ. ఎఫ్‌సీఐ, హిందుస్థాన్ ఎరువుల సంస్థ అధికారులు 1992 నుంచి వేతన సవరణ కోరుతూ వేసిన కేసులో, ఎ.కె. బిందాల్ కేసుగా ప్రసిద్ధమైన 2003 ఏప్రిల్ తీర్పులో, చెల్లించే శక్తి లేని సంస్థ నుంచి సవరణను హక్కుగా కోరలేరని, స్వచ్ఛంద పథకం కింద పూర్తి సొమ్ము తీసుకుని వెళ్లినవారికి యాజమాన్యంతో సంబంధం తెగిపోతుంది గనుక పాత బకాయిల మాట ఎత్తే అవకాశం ఉండదని సుప్రీంకోర్టు పేర్కొంది. చెక్కు అందుకున్న క్షణాన ఏమేమి వదులుకుంటున్నాడో అప్పటిదాకా చాలామందికి తెలియదు.

రామగుండంలో కథ అంతటితో ఆగలేదు. 2015లో ఏర్పడిన రామగుండం ఎరువులు, రసాయనాల సంస్థ అదే స్థలంలో సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారాన్ని నిర్మించి 2021లో ఉత్పత్తి ఆరంభించింది. 2022 నవంబరులో ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం గల ఈ కొత్త కర్మాగారం పాతదాని కన్నా రెట్టింపుకు పైగా యూరియా తీయగలదు. ఎరువుకు గిరాకీ లేకనో, స్థలం పనికిరాకనో పాత కర్మాగారం మూతపడలేదని దీనివల్ల తేలింది. కాని 2002లో సంతకం చేసినవారిలో అప్పటికి నలభై దాటినవారందరికీ ఈ పునర్జన్మ పదవీ విరమణ వయసు దాటాకే వచ్చింది.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1990ల చివరి నుంచి ప్రపంచ బ్యాంకు రుణంతో, బ్రిటన్ అంతర్జాతీయ అభివృద్ధి శాఖ నిధులతో విస్తృతమైన కార్యక్రమం నడిపి, సహకార చక్కెర మిల్లులు, నూలు మిల్లులు మొదలైనవాటిని మూసివేయడమో అమ్మివేయడమో చేసింది. నిజాం ప్రభుత్వం 1937లో నెలకొల్పిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2002లో 51 శాతం ప్రైవేటు వాటాతో ఉమ్మడి సంస్థగా మారింది. అప్పుడు వీఆర్ఎస్ తీసుకున్నవారు తొందరపడ్డారని, ఉండిపోయినవారు నిలబడ్డారని కొన్నేళ్లు అనిపించింది. 2015 డిసెంబరులో ఆ సంస్థ కూడా మూతపడి, ఉండిపోయినవారు పరిహారపు ఫారమైనా లేకుండా వీధిన పడ్డారు.

బ్యాంకుల అనుభవం వేరు. 2000 ఆగస్టులో భారత బ్యాంకుల సంఘం రూపొందించి పంపిన నమూనా ఆధారంగా ప్రభుత్వరంగ బ్యాంకులు 15 ఏళ్ల సర్వీసు గాని, 40 ఏళ్ల వయసు గాని నిండినవారికి, ప్రతి సంవత్సరానికి 60 రోజుల జీతం ఇచ్చే పథకాన్ని ప్రకటించగా, లక్ష మందికి పైగా బయటికి వెళ్లారు. ఇక్కడ మూసివేత భయం లేదు, జీతాలు బాగున్నాయి, పింఛను ఉంది, కంప్యూటర్ల రాక, బదిలీల బెడద, ఇల్లు కట్టుకోవాలన్న కోరిక నిర్ణయాలను నడిపాయి. నమూనాలోని ఒక షరతు ప్రకారం దరఖాస్తు పెట్టాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేదు. మనసు మార్చుకున్న వందలమంది హైకోర్టులను ఆశ్రయించగా, బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు, పథకం బ్యాంకు ఇచ్చిన ఆహ్వానం మాత్రమేనని, దరఖాస్తు ఉద్యోగి చేసిన ప్రతిపాదన గనుక బ్యాంకు ఆమోదించేలోగా దాన్ని వెనక్కి తీసుకునే హక్కు కాంట్రాక్టు చట్టం ప్రకారం అతనికి ఉంటుందని, అయితే సొమ్ము పుచ్చుకున్నవారికి ఆ హక్కు ఉండదని తీర్పు చెప్పింది. భయంలోనో ఉత్సాహంలోనో చేసిన సంతకాన్ని పునరాలోచించుకునే వ్యవధి మనిషికి ఉండాలన్న ఈ సూత్రం, ఈ చరిత్ర మొత్తంలో కార్మికుని పక్షాన వెలువడిన అతి కొద్ది మంచి మాటల్లో ఒకటి. పింఛను నిబంధనల ప్రకారం 20 ఏళ్లు పూర్తిచేసి స్వచ్ఛందంగా విరమించినవారి సర్వీసుకు ఐదేళ్ల వరకు కలపాలా వద్దా అన్న వివాదం మాత్రం 2009లో గాని తేలలేదు; కలపవలసిందేనని కె. మోహన్‌దాస్ కేసులో కోర్టు చెప్పేసరికి, 2000లో నిర్ణయం తీసుకున్నవారు తమకు రావలసిన పింఛను ఎంతో తెలియకుండానే ఎనిమిదేళ్లకు పైగా గడిపారు.

2019 నవంబరు 4న మొదలై డిసెంబరు 3న ముగిసిన బీఎస్ఎన్ఎల్ పథకం ఒకే సంస్థలో ఇంతమందిని ఒకే రోజున ఇంటికి పంపిన అరుదైన ఘటన. దాదాపు లక్షన్నర మంది ఉద్యోగుల్లో 50 ఏళ్లు దాటినవారికి గుజరాత్ పద్ధతిలో పరిహారం ప్రకటించగా, 78,569 మంది దరఖాస్తు చేసి 2020 జనవరి 31న విరమించారు. అంతకు ముందరి నెలల్లో జీతాలు ఆలస్యమవుతూ వచ్చాయి. పదవీ విరమణ వయసును 58కి తగ్గిస్తారన్న వదంతి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో షికారు చేసింది. ఒకటో తారీఖున జీతం పడుతుందన్న నమ్మకాన్ని సడలించిన తర్వాత ఫారం చేతికిస్తే, ఎంతమంది సంతకం చేస్తారన్నది పథకం ఆకర్షణను మాత్రమే కొలవదు.

ఇదే దరఖాస్తును కార్మికుల వైపు నుంచి తిరగరాయాలన్న ప్రయత్నం సింగరేణిలో జరిగింది. గని కార్మికుడు ఆరోగ్యం ఉడిగి ముందుగా తప్పుకుంటే, డబ్బు కాకుండా ఆ ఉద్యోగమే కొడుకుకో అల్లుడికో తమ్ముడికో దక్కాలన్నది కోల్‌బెల్టు సంఘాల చిరకాల డిమాండు. వారసత్వ ఉద్యోగాలన్నది దాని వాడుక పేరు. కుర్చీని రద్దుచేయడమే వీఆర్ఎస్ ప్రాణం కాగా, కుర్చీని కుటుంబంలో నిలబెట్టడం ఈ కోరిక సారం. 2016 చివర సింగరేణి సంస్థ అటువంటి పథకాన్ని ప్రకటించింది. ప్రభుత్వ ఉద్యోగంలో అందరికీ సమానావకాశం ఉండాలన్న రాజ్యాంగ నియమానికి అది విరుద్ధమని 2017 మార్చిలో ఉమ్మడి హైకోర్టు కొట్టివేయగా, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. గోదావరిఖనిలో, శ్రీరాంపూర్‌లో, కొత్తగూడెంలో ఉద్యోగం లేని యువకులు వేలల్లో ఉండగా పుట్టుకను అర్హతగా ఒప్పుకోవడం కోర్టుకు సాధ్యం కాదు. కాని ముప్పై ఏళ్లు భూగర్భంలో పనిచేసిన మనిషి ఆ కొలువును తన కుటుంబం సంపాదించుకున్న ఆస్తిగా చూడడాన్ని అత్యాశగా కొట్టిపారేయడం కూడా సరికాదు. 2018లో సంస్థ దారి మార్చి, వైద్య బోర్డు పనికి అనర్హుడని తేల్చిన కార్మికుని వారసునికి కారుణ్య నియామకం ఇచ్చే విధానాన్ని అమల్లోకి తెచ్చింది. అప్పటినుంచి తప్పుకోవాలనుకునే గని కార్మికుడు దరఖాస్తు పట్టుకుని వెళ్లవలసినది వైద్య బోర్డు ముందుకు.